ముద్దుపేరు

కూతురు నవనీత ఆ నల్లటి పట్టీని మెడకు కడుతుంటే అండాలు రెండు చేతులతో గొంతు పట్టుకుంది.

"కరెంటు కొడ్తదా?"

"కొట్టదమ్మా."

"బ్యాటరీ పేలితే? మొన్న ఎవల్దో ఫోను జేబుల పేలిందట."

"ఇది జేబుల లేదు గదా."

"మెడకున్నది! జేబు కంటే మెడ నయమా?"

వంటింటి గడప మీద పేపరు పరుచుకుని కూర్చున్న వీరస్వామి తల ఎత్తకుండానే, "కట్టుకోరాదూ. పేలితే నేను లేనా ఏంది?" అన్నాడు. జీవితమంతా సిటీ బస్సులో కండక్టరుగా చేసి వచ్చిన మనిషి. ఆయనకు దేనికీ భయం లేదు. ఆ ఇంట్లో ఇద్దరి భయమూ, కూతురిది కూడా కలిపి ముగ్గురి భయమూ అండాలే పడుతూ వచ్చింది. కుక్కరు మూడో కూతకు రాకపోతే భయం, నాలుగోది వస్తే భయం. కూతురు ఆలస్యమైతే బస్సు బోల్తా పడ్డట్టు, తొందరగా వస్తే ఉద్యోగం ఊడినట్టు కళ్లకు కట్టేది.

నవనీత పనిచేసేది హబ్సిగూడలోనే, ఇంటికి రెండు సందుల అవతల ఉన్న ఒక చిన్న పరిశోధనశాలలో. ఏడో తరగతితో చదువాపేసిన అండాలుకు కూతురి చదువు పేరు కూడా నోరు తిరగదు. కానీ ఆ యంత్రం పేరు తిరుగుతుంది, ఎందుకంటే అది పెట్టింది తనే. మాట గుచ్చుకుంటే తెలిపే మిషను అని కూతురు చెప్పినప్పుడు "ములుకన్నట్టు" అంది. అదే ఖాయమైంది.

ములుకుకు రెండు ముక్కలు. రూపాయి కాసంత బిళ్ల ఒకటి, మాట పడేవాళ్ల ఛాతీకి అంటించాలి. పట్టీ మాట అనేవాళ్ల మెడకు. పడ్డ మాట లోపల ఎక్కడ ఎంత గుచ్చుకుంటే అన్నవాళ్లకు అక్కడే అంతే గుచ్చుకుంటుంది.

"ఇగ నన్ను తిట్టు," అంది నవనీత, తన ఛాతీకి బిళ్ల అంటించుకుని.

"ఎందుకు తిట్టాలె?"

"రోజూ తిడ్తవు గదా. గట్లనే."

అడిగి తిట్టించుకుంటే తిట్లు వస్తాయా? అంతలో పొయ్యి మీద పాలు బుస్సున పొంగాయి. "ఓ దొంగమొకందానా! నీ మిషను మీద మన్నువడ, పాలన్నీ పాయె!"

అని, గుచ్చుకుంటుందేమోనని కళ్లు గట్టిగా మూసుకుంది. గుచ్చుకోలేదు. పక్కటెముకల కింద ఎవరో వేలు పెట్టి ఆడించినట్టయింది. అండాలు కిసుక్కున నవ్వింది.

"ఏందే ఇది? చక్కిలిగిలి పెడ్తుంది!"

"నీ తిట్లు నాకు గట్లనే ఉంటయమ్మా," అని నవనీత కూడా నవ్వేసింది.

ఇక అండాలుకు ఆట దొరికింది. ఎముకల గూడంది. చీపురుపుల్లంది. తిండి దగ్గర బద్ధకం, నిద్ర దగ్గర హుషారంది. అన్నింటికీ చక్కిలిగిలే. ఆ ఊపులోనే, "నీ ఈడొచ్చేసరికి నాకు నువ్వు బడికి వోతున్నవ్," అని కూడా అనేసింది.

చురుక్కుమంది. రొమ్ము మధ్యలో, సన్నటి సూదిలాగా. నవనీత అప్పటికే అటు తిరిగి పొయ్యి మీది పాలు తుడుస్తోంది. అండాలు పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. ఆ మాట తర్వాతెప్పుడూ ఆ ఇంట్లో వినపడలేదు.

ఈ యంత్రం ఇక్కడిదాకా రావడానికి నాలుగేళ్లు పట్టింది. మొదటిది ఒక చిన్న డబ్బా. అనకూడని మాటలన్నీ దాంట్లో నింపారు, ఎవరైనా అంటే కుయ్‌మంటుంది. ఉద్యోగం ఆఖరి నెలల్లో ఉన్న వీరస్వామి సరదాగా దాన్ని చొక్కాకు తగిలించుకుని డ్యూటీకి వెళ్లాడు. "హబ్సిగూడ! హబ్సిగూడ దిగేటోళ్లు ముందుకు రావాలె!" అనగానే కుయ్‌మంది. ఒకప్పుడు నిజాం కొలువులో ఉన్న హబ్షీ, అంటే ఆఫ్రికా సిపాయిల వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చిందంటారు. హబ్షీ అన్నది డబ్బా లెక్కలో అనకూడని మాట. వీరస్వామి స్టేజీ పేరు అరిచినప్పుడల్లా అది కూయడం, వెనక ఆటో వస్తుందనుకుని డ్రైవరు బ్రేకు వేయడం. రెండోది మాటల్ని వదిలేసి, అనేవాళ్ల గొంతులో ద్వేషం ఎంతుందో కొలిచేది. పిల్లలు నల్లటి ఆఫ్రికా విద్యార్థిని పట్టుకుని చెప్పరాని మాటలు నవ్వుతూ అంటే దాని ముల్లు కదల్లేదు. పరిశోధనశాల పెద్దాయన మధ్యాహ్నం తన టిఫిను డబ్బా మూత తీసి, "మళ్లీ సొరకాయేనా?" అంటే మాత్రం ముల్లు ఆ చివరికి పోయి అక్కడే ఇరుక్కుంది.

మూడోది ఇదే. మాటలో వెతికారు, అన్నవాడి గొంతులో వెతికారు, చివరికి పడ్డవాళ్ల గుండె దగ్గరికొచ్చారు.

* * *

పై గదిలో అద్దెకుండే అబ్బాయిది మిజోరం. ఐజాల్ పట్నం నుంచి వచ్చి ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నాడు. చేరిన రోజు మెట్ల దగ్గర నిలబడి తన పేరు చెప్పాడు. అండాలుకు ఆ పేరు లాల్ దగ్గర మొదలైనట్టు తెలిసింది గానీ ఎక్కడ ముగిసిందో తెలియలేదు.

"నాకు నోరు తిరగది బిడ్డా. నిన్ను ఇంట్ల ఏమని పిలుస్తరు?"

అతను జవాబు చెప్పేలోపే వీధిలో క్రికెట్ ఆడుతున్న పిల్లలు బంతి కోసం అరిచారు. "చింకీ భయ్యా! బాల్! ఏ చింకీ!"

"ఆఁ, చింకీ! ఇది మంచిగున్నది," అంది అండాలు ఎంతో సంబరంగా. ఆమె చెల్లెలి కూతురు పింకి. ఆడబిడ్డ కొడుకు చింటు. నవనీతను పదేళ్లొచ్చేదాకా చిన్ని అనే పిలిచారు. ఆ వరసలో చింకీ చక్కగా ఇమిడిపోయింది. అబ్బాయి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, నవ్వి, బంతి విసిరేసి మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి చింకీ బిడ్డకు ఉప్మా, చింకీ బిడ్డకు పచ్చిపులుసు, చింకీ బిడ్డ రాలేదేంది ఇంకా, వానల తడిసి జ్వరమొచ్చి ఏ రోడ్డు మీద పడ్డడో. నవనీత ఒకసారి, "అమ్మా, గట్ల పిలవకు, మంచిగుండదు," అంది. ఎదిగిన మగపిల్లవాణ్ని ముద్దుపేరుతో పిలిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని కూతురి బెంగ కాబోలు అనుకుంది అండాలు. "అనుకుంటె అనుకోనీ, నా కొడుకసొంటోడు," అని తీసిపారేసింది. నవనీతకు ఫోను మోగింది, పరిశోధనశాలలో ఏదో కాలిపోయిందట, పరుగెత్తింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

అండాలు మోకాలు పట్టేస్తే చూసేది అతనే. ఒకనాడు కుడి కాలి బొటనవేలు మొద్దుబారిందని చెబితే, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, టూత్‌పిక్‌తో అక్కడక్కడ తాకాడు.

"ఇక్కడ తెలుస్తుందా ఆంటీ?"

"ఆఁ."

"ఇక్కడ?"

"ఆఁ."

"ఇక్కడ?"

అండాలు ఎదురుచూసింది. "ఎక్కడ? పెట్టు మరి."

"పెట్టాను ఆంటీ."

ఆమె కళ్లు తెరిచి చూసింది. టూత్‌పిక్ మొన వేలి పక్కన చిన్న గుంట చేసి ఆనుకుని ఉంది. అండాలు కాలు వెనక్కి లాక్కుంది. "కాలు తీసేస్తరా చింకీ బిడ్డా? మా మేనత్తకు గిట్లనే తీసేసిండ్రు!"

"తీయరు. నరం నొక్కుకుంది, అంతే. బిగుతు చెప్పులు మానేస్తే తిమ్మిరి పోతుంది. కానీ ఈ వేలు జాగ్రత్త. ముల్లు దిగినా మీకు తెలీదు. తెలిసే వేలికంటే తెలియని వేలినే రోజూ చూసుకోవాలి."

అప్పటినుంచి అండాలు స్నానం చేసిన ప్రతిసారీ ఆ వేలిని తిప్పి తిప్పి చూసుకునేది. తిమ్మిరి మెల్లగా తగ్గింది. చూసుకోవడం మాత్రం తగ్గలేదు.

* * *

కాలనీ సంఘం సమావేశంలో గొడవ జరిగింది. మహిపాల్ కాలనీ క్రికెట్ జట్టుకు కెప్టెను, జిమ్ము నడుపుతాడు, ఎప్పుడూ నవ్వుతూ నవ్విస్తూ ఉంటాడు. నీళ్ల పంపుల గురించి మాట్లాడదామని అబ్బాయి కూడా వెళ్లి లేచి నిలబడితే, మహిపాల్ మైకు పట్టుకుని, "చింకీకి గుడ మన నీళ్లే కావాల్నట! ముందు అందరికీ చాయ్ పట్టుకరా పో చింకీ, మీ నూడుల్స్ దేశంల మీటింగులు గట్లనే అయితయి గదా," అన్నాడు. అందరూ నవ్వారు. అబ్బాయి నవ్వలేదు. మరునాడు వార్డు ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు. ఆ ఏడే వార్డుల్లో మాట విచారణ బెంచీలు పెట్టారు. ఒక మాట ద్వేషంతో అన్నదా కాదా తేల్చడం వాటి పని.

ఆ సమావేశానికి అండాలు వెళ్లలేదు, వంకాయ కూర మాడుతుందని. చాయ్ తెమ్మన్నాడట, నూడుల్స్ అన్నాడట అని మాత్రమే ఆమె చెవిన పడింది.

"గంతేనా? ఇంకేమన్నడు బిడ్డా?" అని అడిగింది.

"వదిలేయండి ఆంటీ."

"పోలీసులొస్తరా మనింటికి?"

"రారు. కానీ ఆంటీ, మీకు ముందే చెప్తున్నా. అక్కడ కూడా ఇది జోకే అని కొట్టేస్తే నేను గది ఖాళీ చేస్తా. ఐజాల్‌లో ఉద్యోగం చూసుకున్నా. ఏడాది నుంచి జోకులే వింటున్నా, చాలు."

అండాలు చేతిలో గరిటె జారిపోయింది. గది ఖాళీ. ఆమె కళ్లముందు అతను సామాన్లెత్తుకుని రైలెక్కడం, రైలు పట్టాలు తప్పడం, కొండలు విరిగి పడడం వరసగా కనపడ్డాయి. ఎట్లాగైనా ఈ బిడ్డ గెలవాలి.

రెండ్రోజులకు ఆమెకు కూడా బెంచీ నుంచి పిలుపు వచ్చింది. సాక్ష్యం చెప్పాలట. మహిపాల్ తరఫున! నవనీతకు ఏం చెప్పడానికీ వీల్లేకపోయింది. యంత్రాన్ని బెంచీ తొలిసారి పరీక్షగా వాడబోతోంది కాబట్టి చేసినవాళ్లు సాక్షులతో కేసు గురించి మాట్లాడవద్దని ఆంక్ష. తల్లీ కూతుళ్లు ఒకే కంచం దగ్గర కూర్చుని ఉప్పు సరిపోయిందా అన్నది తప్ప ఇంకేం మాట్లాడకుండా నాలుగు పూటలు గడిపారు. కూతురు ఏదో అనబోయి మింగేయడం అండాలు చూసింది. తనకు జైలు ఖాయమని అర్థం చేసుకుంది. బీపీ గోళీలు, మోకాలి నూనె, ఒక స్వెట్టరు సంచిలో పెట్టుకుంది.

"జైల్ల స్వెట్టరెందుకే, ఎండాకాలం," అన్నాడు వీరస్వామి.

"గచ్చు మీద పండవెడితె చలి పుట్టదా?"

* * *

వార్డు ఆఫీసు హాల్లో కాలనీ సగం వచ్చి కూర్చుంది. బెంచీ అధ్యక్షురాలు హైమవతి రిటైరయిన జడ్జి. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారే కళ్లజోడు. "యంత్రం చెప్పింది వింటాం. తీర్పు మాత్రం మనుషులే చెప్తారు," అని మొదటే చెప్పింది.

అబ్బాయి ఛాతీకి బిళ్ల అంటించారు. మహిపాల్ మెడకు పట్టీ కట్టారు.

"ఆ రోజు ఎట్ల అన్నారో అట్లనే అనండి," అంది హైమవతి.

మహిపాల్ గొంతు సవరించుకున్నాడు. "ఏం చింకీ! చాయ్ పట్టుకరా పో!"

మహిపాల్ ఛాతీ తడుముకున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ముఖం విప్పారింది. "ఏం లేదు మేడం! సల్లగున్నది. ఇంకోసారి అనాల్నా?"

ఇంకోసారి అన్నాడు. మూడోసారి కళ్లు పక్కలకు సాగదీసి మరీ అన్నాడు. ఏమీ లేదు. నవనీత ముఖం పాలిపోయింది. లేచి బిళ్ల చూసింది, పట్టీ చూసింది, రెండూ బాగానే ఉన్నాయి. అబ్బాయి నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"చూసిండ్రా మేడం? ఆయనకే ఏమనిపిస్తలేదు, ఇగ నాకేం తప్పు? మేమంత ప్రేమతోని అంటం. ఆయన ఇంటి ఓనరమ్మనే అడుగుర్రి, రోజూ ఆమె గుడ గట్లనే పిలుస్తది."

అండాలును పిలిచారు. సంచి చంకలో పెట్టుకునే వెళ్లి నిలబడింది. భయంతో పాటు లోపల కొంచెం ధైర్యం కూడా వచ్చింది. ఓస్, ఇదా గొడవ! పేరు గురించా! రెండు మాటలు చెబితే ఇద్దరూ కలిసిపోతారు, బిడ్డ గది ఖాళీ చేయడు.

"మేడం, అది ముద్దుపేరు. మా చెల్లె బిడ్డ పింకి, మా ఆడిబిడ్డ కొడుకు చింటు. మా నవనీతను గుడ చిన్ని అనేటోళ్లం. గిదో నవనీత, గా మూలకు. ఈ పిల్లగాడు చింకీ. తప్పేమున్నది? మహిపాలు చాయ్ తెమ్మనుడు తప్పు, దానికి దండుగ వెయ్యండి."

జనం గొల్లున నవ్వారు. హైమవతి నవ్వలేదు. కళ్లజోడు పైకి తోసుకుని, "ఆమెకు పట్టీ కట్టండి," అంది. "అమ్మా, ఇంట్లో ఎట్ల పిలుస్తారో అట్లనే పిలవండి."

అండాలు అబ్బాయి వైపు తిరిగింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. "చింకీ బిడ్డా, ఏమన్న తిన్నవా నాయనా?"

బియ్యం చెరుగుతుంటే గోరు సందున పుల్ల దిగినప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా దిగింది, ఎడమ పక్కటెముకల కింద. అండాలు "అమ్మో" అని బల్ల పట్టుకుంది. దిగి ఊరుకోలేదు, లోపల ఏదో ముడుచుకుపోయింది. ఆ ముడుచుకున్నదాని మీద గిన్నె మీద మూత పెట్టినట్టు ఒక నవ్వు వచ్చి కూర్చుంది. ఆ నవ్వును ఆమె గుర్తుపట్టింది. రోజూ చూసిందే. మెట్ల దగ్గర, మోకాలు చూస్తున్నప్పుడు, ఉప్మా ప్లేటు అందుకుంటున్నప్పుడు. తను మురిసిపోయిన నవ్వు అదే.

"ఇదేంది బిడ్డా?" అంది ఆమె. "నేనేమన్న?"

అతను లేచి నిలబడ్డాడు. హైమవతే మెల్లగా చెప్పింది. "అది అతని పేరు కాదమ్మా. ఎప్పుడూ కాదు. ఈశాన్య రాష్ట్రాల వాళ్ల కళ్లను, ముఖాన్ని వెక్కిరించడానికి పుట్టిన మాట. నువ్వు ఈ దేశం మనిషివి కావు అని చెప్పే మాట."

అండాలు సంచి కింద పడింది. గోళీల డబ్బా దొర్లుకుంటూ మహిపాల్ కాళ్ల దగ్గరికి పోయి ఆగింది.

"మరి ఎందుకు చెప్పలే నాకు? ఏడాది సంది అంటున్న గదా!"

"మొదటి రోజు చెప్దామనుకున్నా ఆంటీ. మీరు చాలా సంతోషంగా ఉన్నారు," అన్నాడు అతను. "తర్వాత, ఇన్నాళ్లకు చెబితే మీరు భయపడతారనిపించింది. మీరు దేనికైనా భయపడతారు కదా."

ఆ మాటకు హాల్లో కొందరు నవ్వారు. అండాలు ఏడుస్తూనే తనూ నవ్వింది, నిజమే కాబట్టి.

"ఒక్క సంగతి," అంది హైమవతి. "ఆమె ప్రేమగా అంటే అంత గుచ్చుకుంది. ఆయన ఎగతాళిగా అంటే ఏమీ లేదు. ఎందుకని?"

అతను అండాలు వైపు తిరిగాడు. "ఆంటీ, టూత్‌పిక్ గుర్తుందా?"

"తిమ్మిరి," అంది అండాలు.

"అదే మేడం. బస్టాపులో అంటారు. ఆసుపత్రిలో పేషంట్లు అంటారు. పిల్లలు బాల్ కోసం అంటారు. చిన్నప్పుడు ఢిల్లీలో చదివేటప్పటి నుంచీ అంటున్నారు. అక్కడంతా తిమ్మిరెక్కిపోయింది. ఇప్పుడు ఏది దిగినా తెలీదు. కానీ రోజూ అన్నం పెట్టే మనిషి దగ్గర తిమ్మిరి ఎక్కించుకోవడం నాకు చేతకాలేదు."

ఎవరూ నవ్వలేదు. మహిపాల్ గోళీల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "గట్లయితే గుచ్చింది ఆమెనే గదా మేడం? నా మాటతోని ఏం కాలే. మిషనే చెప్పింది."

"అవు మేడం, నాకే వెయ్యండి శిక్ష," అంది అండాలు ముక్కు తుడుచుకుంటూ. "స్వెట్టరు గుడ తెచ్చుకున్న."

అప్పుడు మూల నుంచి నవనీత లేచింది. "మేడం, యంత్రాన్ని వెనక్కి తీసుకుంటున్న. ఎన్ని దెబ్బలు తిన్నోళ్లయితే అంత తక్కువ చూపిస్తది ఇది. కొట్టి కొట్టి మొద్దుబార్చినోణ్ని నా మిషను మంచోడంటది. నాకు ముందే తట్టాల్సింది." మామూలుగానే చెప్పి, తల్లి మెడకున్న పట్టీ విప్పింది. నాలుగేళ్ల పని. అండాలు ఆ చేతిని పట్టుకుని వదల్లేదు.

హైమవతి ఒక్కొక్కరినీ ఒక ప్రశ్న అడిగింది.

"అండాలు గారూ, ఆ మాటకు అర్థం మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే మేడం. మీరు చెప్పినంకనే."

"ఇక అంటారా?"

"నాలిక కోసుకుంట!"

"అంత వద్దు. మహిపాల్ గారూ, మీకెప్పుడు తెలిసింది?"

"గది... అందరికీ ఎరుకే గదా మేడం. చిన్నప్పటి సంది."

"ఇక అంటారా?"

మహిపాల్ నోరు తెరిచాడు. నవ్వబోయాడు. హాల్లో ఎవరి ముఖంలోనూ తోడు నవ్వు దొరకలేదు. "అలవాటు మేడం. టక్కున మానాల్నంటె..."

"రాసుకోండి," అంది హైమవతి గుమాస్తాతో. "ఈ ఇద్దరూ అన్నది ఒకే మాట. ఇద్దరూ చేసింది గాయమే. కానీ ఆమె తెలియక అంది, తెలియగానే ఏడ్చింది. ఈయన తెలిసే అన్నాడు, నలుగురి ముందు ఒక మనిషి నోరు మూయించడానికి అన్నాడు. నీళ్ల గురించి మాట్లాడటానికి లేచినవాణ్ని చాయ్ తెచ్చేవాణ్ని చేసి కూర్చోబెట్టాడు. అతనికి గుచ్చుకోలేదన్నది ఈయన మంచితనం కాదు. ఇది ద్వేషపు మాటే. క్షమాపణ మైకులో చెప్పాలి. ఈ ఏడాది కాలనీ మీటింగులన్నింటికీ చాయ్ ఆయనే పట్టుకొస్తారు. ముందు కప్పు ఈ అబ్బాయికి."

"చక్కెర తక్కువ," అన్నాడు అబ్బాయి, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ. అది మూత లాంటి నవ్వు కాదు. అండాలుకు ఇప్పుడు తేడా తెలుసు.

"మరి నాకు?" అంది ఆమె.

"మీకు పడాల్సింది పడింది కదమ్మా. ఇంటికి పోయి ఆ బిడ్డ పేరు నేర్చుకోండి."

* * *

మరునాడు సాయంత్రం అండాలే పట్టీ అడిగింది. నవనీత దాన్ని విడగొట్టడానికి స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చుంది.

"పేరు తప్పు పలికితే ఆ బిడ్డకు ఎట్లుంటదో నాకు తెల్వాలె. కట్టు."

"అప్పుడు కరెంటు కొడ్తదన్నవ్?"

"కొడితె కొట్టనీ."

అబ్బాయి బిళ్ల అంటించుకుని ఎదురుగా పీట మీద కూర్చున్నాడు. "లాల్ రిన్ పుయా," అన్నాడు. "మా తాత పెట్టాడు."

"లాలి రిన్ను పూయ."

చక్కిలిగిలి. ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

"లాలి కాదు ఆంటీ, లాల్."

"జోల పాడేటప్పుడు లాలి అంటం గదా, దాని తోక కోసెయ్యాల్నన్నట్టు. లాల్. గజ్జె మోగినట్టు రిన్. ఇగ మల్లె పూసినట్టు... పూయా?"

"పుయా. పొట్టిగా."

"పొద్దుగాల ఎండకు మల్లె పొట్టిగ పూసింది, పుయా. లాల్‌రిన్‌పుయా. గింతేనా? గింత దానికి ఏడాది నోరు తిరగదన్ననా నేను?"

వీరస్వామి గడప మీద నుంచి తనూ పలికి చూశాడు. స్టేజీ పేరు అరిచినట్టే అరిచాడు. "లాల్‌రిన్‌పుయా దిగేటోళ్లు ముందుకు రావాలె!" నవనీత స్క్రూడ్రైవరు కింద పెట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. ఇది తీర్పులకు పనికిరాదు గానీ మొద్దుబారిన చోటు ఎక్కడుందో చూపిస్తుంది కదా, మా ఆసుపత్రిలో మనసుకు వైద్యం చేసే మేడంకు చూపిద్దాం అని లాల్‌రిన్‌పుయా చెబుతుంటే నవనీత కళ్లు అప్పుడే మళ్లీ మెరవడం మొదలుపెట్టాయి. అండాలుకు ఆ మెరుపు తెలుసు. మళ్లీ నాలుగేళ్లు ఇంటికి వేళకు రాదు.

డ్యూటీకి వేళయిందని అతను లేచి వెళ్లాడు. అతను సందు చివరికి చేరేసరికి అండాలు అతని టిఫిను డబ్బా గట్టు మీదే ఉండటం చూసింది. బాల్కనీలోకి పరుగెత్తింది. ఆకలితో డ్యూటీ చేస్తే కళ్లు తిరిగి ఏ పేషంటు మీదో పడతాడు!

"లాల్‌రిన్‌పుయా!" అని అరిచింది. "ఓ లాల్‌రిన్‌పుయా! డబ్బా మర్సిపోయినవ్!"

సందులో క్రికెట్ ఆగింది. చాయ్ ఫ్లాస్కుతో సంఘం ఆఫీసుకు పోతున్న మహిపాల్ తలెత్తి చూశాడు. అక్కడ, దూరంగా, అతను ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యెత్తాడు.

అండాలు ఛాతీ మీద చెయ్యి వేసుకుని గోడకు ఆనుకుపోయింది.

"నవనీతా! తొందరగ రా! నాకేమో అయితుంది, ఎడమ దిక్కు వెచ్చగ పొంగుకొస్తుంది, ఇది గుండెపోటే, మీ నాయినకు చెప్పు, ఆటో పిలువు!"

నవనీత పరుగున వచ్చింది. తల్లి నుదురు చూసింది, మెడ చూసింది. మెడకు పట్టీ ఇంకా అట్లాగే ఉంది. సందు చివర అతను ఛాతీకి బిళ్లతోనే వెనక్కి నడిచి వస్తున్నాడు.

"నీది కాదమ్మా," అంది నవనీత. "అది అతనిది."